సంచిలో రెండో రాయి

(విశాఖపట్నంలో ఉద్యోగులు, చిరువ్యాపారులు, క్రైస్తవ సంఘాల కోశాధికారుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ముందు మన ఊరి సంగతి ఒకటి చెప్పుకుందాం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన ఇద్దరు, జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్, విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే విశ్వాసి తోడుగా సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయారు, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు. వాళ్ల చేతి మీదుగా వచ్చిన మత్తయి, మార్కు, లూకా 1812లో సేరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చయిన పుస్తకాన్ని వాళ్లిద్దరూ కళ్లారా చూడలేదు. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు" అని ప్రభువు చెప్పిన అధ్యాయం ఆ మత్తయిలోనే ఉంది. రెండు వందల ఏళ్ల కిందట ఈ ఊళ్లోనే ఒకరు ఆ మాటకు తెలుగు వెతుక్కుంటూ కూర్చున్నారు. మనం ఈరోజు దాన్నే చేతిలోకి తీసుకుంటున్నాం.

యోబును బైబిలు యథార్థవర్తనుడు అంటుంది. యథార్థం అంటే ఉన్నది ఉన్నట్టు. హీబ్రూలో అక్కడ వాడిన మాట 'తామ్'. దాని తోబుట్టువు లాంటి మాట 'తామీమ్'. బలికి తెచ్చే పశువుకు కుంటి, గుడ్డి, గజ్జి ఏదీ ఉండకూడదని చెప్పేచోట ఆ మాట వస్తుంది. చీలిక లేనిది, మొత్తంగా ఉన్నది అని దాని అర్థం. కాబట్టి యథార్థత గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న "నువ్వు మంచివాడివా" అని కాదు. "నువ్వు ఒక్కడివేనా, ఇద్దరివా" అని అడగాలి.

ద్వితీయోపదేశకాండం 25:13 తీయండి. హెచ్చుతగ్గులున్న రెండు రకాల తూనికరాళ్లు నీ సంచిలో ఉంచుకోకూడదు అంటుంది. కొనేటప్పుడు బరువైన రాయి, అమ్మేటప్పుడు తేలికైన రాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి క్రియ చూడండి. వాడకూడదు అనలేదు, ఉంచుకోకూడదు అంది. అది సంచిలో ఉంటే అవసరం వచ్చిన రోజు చెయ్యి దానంతట అదే అందులోకి వెళుతుంది. శోధన వచ్చిన నిమిషంలో గట్టిగా నిలబడాలని మనం ప్రార్థన చేస్తాం, చేయాలి కూడా. వాక్యం మాత్రం అంతకంటే ముందు రోజు చేయాల్సిన పని చెబుతోంది. ఆ రాయిని బయట పారేయమంటోంది.

ముందు నిజమైన తూకం చూద్దాం, ఈ గదిలో కొట్లు నడిపేవాళ్లు ఉన్నారు కనుక. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ వాళ్లు ఏడాదికోసారి ముద్ర వేయాలి, ఇనుప గుండ్లకు రెండేళ్లకోసారి. ఆ సర్టిఫికెట్ కొట్లో కనబడేలా పెట్టాలి. ఇది చట్టం. కాటా అయితే ముద్ర పడిన మర్నాటి నుంచే తప్పడం మొదలుపెట్టవచ్చు. సముద్రపు ఉప్పుగాలికి లోపలి లోహం తుప్పు పడుతుంది. పళ్లెం కింద పిండి, పొట్టు చేరతాయి. బల్ల ఒక పక్కకు ఒరుగుతుంది. రోజూ పొద్దున్న కొట్టు తెరిచాక రెండు నిమిషాలు చాలు. కాటా మట్టంగా ఉందో చూపించే నీటి బుడగ గుండ్రం మధ్యలో ఉందో లేదో చూడండి. ఖాళీ పళ్లెం సున్నా చూపించాలి. ముద్ర ఉన్న కిలో గుండు మధ్యలో పెట్టండి, తర్వాత నాలుగు మూలలా పెట్టండి. మూలకో లెక్క చూపిస్తే ఆ కాటా మరమ్మతుకు వెళ్లాలి, వినియోగదారుడి ముందుకు రాకూడదు.

అసలు మోసం ఎక్కువగా డబ్బాలో ఉంటుంది. మిఠాయి డబ్బా 60 గ్రాములు ఉందనుకోండి. కిలో 600 రూపాయల మిఠాయి అయితే ఆ అట్టను 36 రూపాయలకు అమ్మినట్టు. రోజుకు 40 డబ్బాలకు 1,440 రూపాయలు, నెలకు 43,200. దీన్ని ఎవరూ దొంగతనం అనుకోరు, "అందరూ అంతే తూస్తారు" అనుకుంటారు. ముందు ఖాళీ డబ్బా పెట్టి, దాని బరువు తీసేసి సున్నా చూపించే టేర్ మీట నొక్కితే అయిపోయే పని ఇది. చేపల దగ్గర కూడా అంతే. బుట్ట బరువు, కరిగే ఐసు నీళ్లు చేప ఖాతాలోకి వెళ్లకూడదు. "మా ధర కాస్త ఎక్కువ, తూకం మాత్రం సరి" అని చెప్పి ధర పెంచుకోండి. ధర పెంచడం పాపం కాదు. ధర తగ్గించి తూకంలో లాగడం పాపం.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాను. విశ్వాసుల అబద్ధాలన్నిటికీ దురాశే తల్లి అని ప్రసంగాల్లో వింటుంటాం. మన ఇళ్లలో, మన సంఘాల్లో అంతకంటే పెద్ద తల్లి మొహమాటం. "లేదు" అనలేక "చూద్దాంలెండి" అంటాం. ఆ "చూద్దాం" అబద్ధం. ఇవ్వబోమని మనకు తెలుసు, ఇస్తారని ఎదుటివాడు ఆశ పడ్డాడు, వారం రోజులు మన చుట్టూ తిరిగాడు. ఆ వారంలో వేరే దారి వెతుక్కునేవాడు. మర్యాద పోకూడదని మనం అతని సమయం దొంగిలించాం.

హామీ సంతకం దగ్గర ఇది బాగా కనబడుతుంది. ఉద్యోగుల సహకార సంఘంలో అప్పుకు ఇద్దరు జామీను కావాలి. తోటి విశ్వాసి కాగితం పట్టుకుని వస్తాడు. "ఏటి బాబూ, సంతకమే కదేటి, మీ ఆస్తేమైనా అడుగుతున్నానా" అంటాడు. చట్టం దృష్టిలో అతను అడుగుతున్నది ఆస్తినే. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు అతన్నే పట్టుకోవాలన్న నియమం అప్పిచ్చినవాడికి లేదు, నేరుగా మీ జీతం దగ్గరికి రావచ్చు. సామెతలు 6వ అధ్యాయం అయిదు వచనాల పాటు ఈ ఒక్క సంగతే చెబుతుంది, పూటపడితే, అంటే జామీను ఉంటే, నిద్రపోకుండా వెళ్లి విడిపించుకోమంటుంది. కాబట్టి సంతకానికి ముందు మూడు అడగండి. అప్పు మొత్తం ఎంత? నెలకు కోత ఎంత? నీకు ఇప్పటికే ఉన్న కోతలు పోగా చేతికొచ్చే జీతం ఎంత? జీతం చీటీ చూపించమనండి. చూపించనంటే అక్కడే ఆగండి. చూపిస్తే ఇంటికి తీసుకెళ్లి, ఇంటావిడతోనో ఇంటాయనతోనో కూర్చుని, "ఈ మొత్తం పూర్తిగా మనమే కట్టాల్సి వస్తే కట్టగలమా" అని అడగండి. కట్టగలమంటేనే సంతకం. లేకపోతే అదే రోజు చెప్పండి: "అన్నా, నేను చేయలేను. ఇంకొకర్ని చూసుకో." కారణం కల్పించొద్దు. "మా ఆవిడ ఒప్పుకోలేదు" అని ఆమె మీద తోయొద్దు. చేయలేను అన్న మాటకు వివరణ అక్కర్లేదు. ఒక్కసారి ముఖం ఎర్రబడుతుంది, అంతే.

చేబదుళ్లదీ అదే దారి. "దేవుని బిడ్డలం, మన మధ్య కాగితం ఎందుకు" అంటారు. కాగితం లేకపోవడం వల్లే దేవుని బిడ్డలు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చర్చిలో చెరో పక్క కూర్చుంటున్నారు. ప్రామిసరీ నోటు రాయండి. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి, తేదీ వేయండి, వడ్డీ ఉంటే ఎంతో, లేకపోతే లేదనీ రాయండి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పడాలి. నోటుకు మూడేళ్ల కాలపరిమితి, మధ్యలో కొంత కట్టి ఆ సంగతి వెనకాల రాసి సంతకం చేస్తే మళ్లీ అక్కడి నుంచి లెక్క. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం అని తీసుకునేవాడికి ఇచ్చేవాడే చెప్పాలి. చెప్పడం మానేస్తే అది కూడా రెండో రాయే. తీసుకున్నవాడు వాయిదా కట్టలేకపోతే వాయిదా రోజుకు ముందే ఫోన్ చేయాలి, తర్వాత కాదు. నష్టం కలిగినా మాట తప్పనివాడు అని 15వ కీర్తనలో ఉంది. మాట తప్పేలా ఉందని తెలిసిన రోజే చెప్పడం అందులో మొదటి మెట్టు.

ఉద్యోగాల విషయం కొంచెం తొందరగా చెబుతాను. ఇంటద్దె మినహాయింపు కోసం లేని అద్దెకు రసీదులు పుట్టించడం ఇప్పుడు అలవాటైపోయింది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ల మాట ఇది, కొత్త విధానంలో ఆ మినహాయింపే లేదు. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే యజమాని పాన్ నంబరు ఇవ్వాలి. అక్కడ చుట్టాల పాన్ రాస్తారు. అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ వాళ్లకు అద్దె ఇవ్వడం తప్పేమీ కాదు, కాని డబ్బు నిజంగా నెలనెలా బ్యాంకు ద్వారా వెళ్లాలి, వాళ్లు తమ ఆదాయంలో చూపించాలి. కాగితం మీద వెళ్లి జేబులోనే ఉండిపోయే అద్దె అబద్ధం. ఆటో బిల్లులు, మందుల బిల్లులు, ఊరెళ్లకుండా పెట్టే ప్రయాణం బిల్లులు అన్నీ ఈ కోవలోవే.

గాజువాక, ఆటోనగర్ వైపు పనివాళ్లను పెట్టుకున్న కాంట్రాక్టర్లు కొందరు ఇక్కడ ఉన్నారు. పీఎఫ్ కోసం జీతంలోంచి కోసిన 12 శాతం మీది కాదు. మీ చేతి మీదుగా వెళుతున్న వాళ్ల సొమ్ము. తర్వాతి నెల 15వ తేదీలోగా జమ కావాలి. "బిల్లు రాలేదు, వచ్చాక కడతాం" అని దాన్ని తిప్పుకోవడం దగ్గరే పెద్ద పెద్ద మోసాలు మొదలవుతాయి, ఎందుకంటే మొదటి నెల ఎవరికీ తెలియదు. దీనికి మందు వేరే ఖాతా. జీతాల రోజునే కోత మొత్తాన్నీ మీ వాటానూ ఆ ఖాతాలో వేసేయండి, దాని ఏటీఎం కార్డు మీ దగ్గర ఉంచుకోవద్దు. పనివాళ్లకు వాళ్ల పాస్‌బుక్ ఫోన్‌లో ఎలా చూసుకోవాలో మీరే నేర్పండి. వాళ్లు చూస్తారని తెలిస్తే మీకూ కాపలా. ఇంట్లో పనిచేసే అమ్మకైనా ఇదే న్యాయం. కూలివాని కూలి మరునాటి వరకు ఉంచుకోవద్దని లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతోంది. "చిల్లర లేదు, రేపు తీసుకో" అనడం ఆ వచనం దగ్గరికే వస్తుంది.

లంచం గురించి ఒక మాట. ఎక్కువసార్లు అది ఆలస్యంలోంచి పుడుతుంది. పిల్లకు సీటు చేరడానికి రెండు రోజులు ఉందనగా సర్టిఫికెట్‌కు పరుగెత్తినవాడు ఇవ్వక తప్పని స్థితికి తనను తానే తెచ్చుకున్నాడు. నెల ముందు దరఖాస్తు పెట్టండి, రసీదు నంబరు తీసుకోండి, గడువు దాటితే ఆ నంబరు వేసి రాతపూర్వకంగా అడగండి, ఆ తర్వాత సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తేనే రక్షణ.

ఇక పాస్టర్ గార్లకు, సంఘ పెద్దలకు. మీ బల్ల సొరుగులో ఉండే రిజిస్టర్లు యథార్థతకు పరీక్ష. ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ చట్టం 1872 నాటిది. దాని 10వ సెక్షన్ ప్రకారం, కొన్ని ప్రత్యేక మినహాయింపులు తప్ప, పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపల జరగాలి. సాయంత్రం 5 గంటల పెళ్లి అని కార్డు వేస్తారు. పెళ్లికూతురి కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది, ఫొటోలవాళ్లు వాకిట్లో అరగంట తింటారు. ప్రమాణాలు చెప్పేసరికి ఏడున్నర. రిజిస్టరులో మాత్రం "6:30" అని రాస్తారు. ఇద్దరు మనుషులు జీవితాంతం నిజంగా ఉంటామని దేవుని ముందు ప్రమాణం చేసిన పది నిమిషాలకు, అదే బల్ల మీద సేవకుడు అబద్ధం రాస్తాడు. వధూవరులు కింద సంతకం చేస్తారు. వాళ్ల కాపురంలో మొదటి కాగితం అది. దీనికి వైద్యం మొహమాటం లేని ఒక నియమం: సాయంత్రం పెళ్లి అయితే 4 గంటలకు మించి సమయం ఇవ్వకండి. కార్డు అచ్చుకు వెళ్లే ముందే రెండు కుటుంబాలతో "6:45కి ప్రమాణాలు మొదలు కాకపోతే రేపు పొద్దున్నే" అని కాగితం మీద సంతకాలు తీసుకోండి. వీసా కోసం తేదీ మార్చిన పెళ్లి సర్టిఫికెట్, స్కూలు కోసం వయసు తగ్గించిన బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగితే ఒకటే జవాబు, రిజిస్టరులో ఉన్నదే ఇస్తాం.

ఎస్సీ సర్టిఫికెట్ సంగతి చెప్పకుండా దిగిపోతే నా సంచిలోనూ రెండో రాయి ఉన్నట్టే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి వచ్చిన క్రైస్తవులు బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. ఆ పేరా అన్యాయమని నేను అందరి ముందూ అంటాను. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో పేట మారదు, అంటరానితనం చేసేవాడు మతం అడిగి చేయడు. మతంతో ఈ ముడి తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ కూడా సిఫారసు చేసింది. చట్టం మారడానికి పోరాడదాం, సంతకాలు పెడదాం, కోర్టుకు వెళదాం. కాని ఈలోగా దరఖాస్తులో మతం గడి దగ్గర విశ్వాసి ఏం రాయాలి? ఉన్నది రాయాలి. ఇంతకంటే మెత్తగా చెప్పే దారి నాకు కనబడలేదు. 1993 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం తప్పుడు కుల ధ్రువపత్రం రద్దవుతుంది, దానితో వచ్చిన సీటు, ఉద్యోగం కూడా పోవచ్చు. ఆ భయం ఉన్న ఇంట్లో పిల్లలు చర్చికి తలుపు సందులోంచి వచ్చినట్టు వస్తారు. అయితే ఆ కుటుంబం మీద రాయి విసిరే హక్కు సంఘానికి లేదు. నిజం రాయమని చెప్పే సంఘం ఆ నిజానికయ్యే ఖర్చులో వంతు పెట్టాలి. స్కాలర్‌షిప్పు పోయిన పిల్లకు ఫీజు ఎవరు కడతారో ముందు నిర్ణయించి, తర్వాత ప్రసంగం చేయండి. కానుకలో నూటికి అయిదు రూపాయలైనా దానికి పక్కన పెట్టలేని సంఘం ఆ కుటుంబాన్ని ఏమీ అడగకూడదు.

సాక్ష్యాల దగ్గర కూడా జాగ్రత్త. కేజీహెచ్ ఆసుపత్రిలో ఆరు నెలలు మందులు మింగి టీబీ తగ్గినవాళ్లు ఆ ఆరు నెలల మాటా చెప్పాలి. చెప్పకపోతే వెనక బెంచీలో కూర్చున్న ఇంకో రోగి మర్నాడే మందులు మానేస్తాడు. దేవునికి మహిమ తేవడానికి డాక్టరును దాచాల్సిన పని లేదు. వాట్సాప్‌లో ఎక్కడో చర్చిని కాల్చారని ఫొటో వస్తే, ఏ ఊరు, ఏ తేదీ అని తెలిసేదాకా పంపకండి. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం అన్నది తొమ్మిదో ఆజ్ఞ. బొటనవేలితో చెప్పినా సాక్ష్యమే.

కోశాధికారులు ఇప్పుడు నా వైపు చూడండి. కానుకల లెక్కింపు. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో యెరూషలేముకు చందా పంపుతూ తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ణి పంపుతున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని కారణం చెబుతాడు. అపొస్తలుడు తన నిజాయితీ మీద తానే ఇంకొకర్ని కాపలా పెట్టుకున్నాడు. "మా కోశాధికారి దేవుడిలాంటివాడు, లెక్క అడగం" అనేవాళ్లు అతనికి మేలు చేయడం లేదు, అతన్ని ఒంటరిగా డబ్బుతో వదిలేస్తున్నారు.

ఆరాధన అయ్యాక సంచులు నేరుగా బల్ల మీదికి రావాలి. లెక్కపెట్టేవాళ్లు ముగ్గురు. ఒక కుటుంబం వాళ్లు ఇద్దరు ఉండకూడదు, పాస్టర్ గారి ఇంటివాళ్లు అసలు ఉండకూడదు. నెలకోసారి ముగ్గురూ మారాలి. ఒకరు నోట్లు విడదీస్తారు, రెండోవారు లెక్కపెడతారు, మూడోవారు రాస్తారు. తర్వాత చేతులు మార్చుకుని మళ్లీ ఒకసారి. కాగితం ఇలా ఉంటుంది. 500 నోట్లు 14, మొత్తం 7,000. 200 నోట్లు 11, మొత్తం 2,200. 100 నోట్లు 63, అంటే 6,300. 50 నోట్లు 48, అంటే 2,400. 20 నోట్లు 75, అంటే 1,500. 10 నోట్లు 212, అంటే 2,120. నాణేలు 486. కూడితే 22,006 రూపాయలు. ఆ ఆరు రూపాయలు కూడా ఉండాలి. 22,000 అని గుండ్రంగా రాసిన కాగితం చూస్తే నాకు అనుమానమే, లెక్కపెట్టకుండా రాశారని. పేర్లున్న కవర్లు వేరే జాబితా. ముగ్గురి సంతకాలు. నకలు ఒకటి పాస్టర్ గారికి, ఒకటి పెద్దలకు. సోమవారం మధ్యాహ్నంలోగా మొత్తం బ్యాంకులో పడాలి, ఆ రసీదు ఈ కాగితానికి పిన్ను చేయాలి. రెండు అంకెలూ రూపాయితో సహా సరిపోవాలి.

తప్పు ఎక్కడ జరుగుతుందో చెబుతాను. లెక్కపెట్టక ముందే "వచ్చిన దైవజనుడి బస్సు ఛార్జీలకు ఓ వెయ్యి తీయండి" అంటారు. తీస్తారు. ఆ వెయ్యి ఎప్పటికీ లెక్కలోకి రాదు. ఖర్చు తప్పు కాదు, దారి తప్పు. ముందు మొత్తం జమ, తర్వాత వోచరు మీద ఖర్చు. చిల్లర ఖర్చుకు రెండు వేలో మూడు వేలో విడిగా పెట్టి, అది అయిపోయాక వోచర్లు చూపించి మళ్లీ నింపండి. ఇంకోటి, గుడి కట్టడానికి ఇచ్చినది కరెంటు బిల్లుకు వాడడం. ఇచ్చినవాడు దేనికని ఇచ్చాడో అదే. మార్చాలంటే అతన్ని అడగాలి. మూడోది ఇప్పుడు ఎక్కువైంది, గోడకు అంటించిన క్యూఆర్ కోడ్. స్కాన్ చేస్తే ఎవరి పేరు వస్తోంది? సంఘం పేరు రావాలి. పాస్టర్ గారి పేరో, వాళ్లబ్బాయి పేరో వస్తే ఈ రాత్రే దాన్ని చింపేయండి. సంఘం ఖాతా లేదంటే ముందు రిజిస్ట్రేషన్, పాన్, ఖాతా చేయించుకోండి, అప్పటివరకు నగదే. విదేశీ విరాళమైతే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద అనుమతి ఉన్న సంస్థకే రావాలి. అది కూడా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే. ఎవరిదో వ్యక్తిగత ఖాతాలో వేయించుకోవడం సేవ కాదు, నేరం.

ఇంతవరకు రాయి సంచిలోకి రాకుండా చూడడం గురించి మాట్లాడాను. ఇప్పటికే దానితో తూచేసినవాళ్లం ఏం చేయాలి?

లేవీయకాండం 6:5 ప్రకారం తీసుకున్నది మొత్తం, దాని మీద ఐదో వంతు కలిపి సొంతదారుకు ఇవ్వాలి. నిర్గమకాండం 22:1లో గొర్రెను దొంగిలించి అమ్మేసినవాడికి నాలుగంతలు. లూకా సువార్తలోని సుంకరి జక్కయ్య ఐదో వంతు చాలనుకోలేదు, దొంగకు వేసే నాలుగంతల లెక్కను తనకు తానే వేసుకున్నాడు. మనలో చాలామంది చేసేది ఈ రెండూ కాదు. మనసు పొడిచినప్పుడు కానుక పెట్టెలో ఎక్కువ వేస్తాం. ఎవరి దగ్గర తీశామో వాళ్లకు ఇవ్వకుండా దేవునికి ఇవ్వడం సమాధానపడడం కాదు. మత్తయి 5:23-24 కానుకను బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు ఆ సహోదరుడి దగ్గరికి వెళ్లమంటోంది.

ముందు కాగితం మీద నాలుగు గడులు గీయండి. ఎవరి దగ్గర, ఏం, ఎప్పుడు, ఎంత. గుర్తులేని అంకెను కాస్త పైకి వేసుకోండి. ఐదో వంతు కలపండి. చిన్నదానితో మొదలుపెట్టండి. సింహాచలానికో అనకాపల్లికో టికెట్ లేకుండా రైలెక్కినవాళ్లు అన్నిసార్లకూ అదే దూరానికి అన్‌రిజర్వ్‌డ్ టికెట్లు కొని, ప్రయాణం చేయకుండా చించేయండి. డబ్బు రైల్వేకి చేరినట్టే. పన్ను ఎగ్గొట్టినవాళ్లకు అప్‌డేటెడ్ రిటర్న్ దారి ఉంది. 2025 బడ్జెట్‌లో దాని గడువును 24 నెలల నుంచి 48 నెలలకు పెంచారు. మొదటి ఏడాదిలో వేస్తే పన్ను, వడ్డీ మొత్తం మీద 25 శాతం అదనం, తర్వాత 50, 60, 70. వడ్డీ పక్కన పెట్టి చూస్తే 20,000 రూపాయల పన్నుకు మొదటి ఏడాది అదనం 5,000. మోషే ఐదో వంతు లెక్కలో 4,000. పెద్ద తేడా లేదు. శాఖ నుంచి నోటీసు వచ్చాక ఈ దారి మూసుకుపోవచ్చు, కాబట్టి ఈ వారమే మీ ఆడిటర్‌ను కలవండి.

మనిషి దగ్గరికి వెళ్లాల్సి వస్తే మాట చిన్నదిగా ఉండాలి. "మూడేళ్ల కిందట మీ ఇంటి పనిలో సిమెంటు లెక్క ఎక్కువ రాశాను. అది 8,000. ఐదో వంతు కలిపి 9,600 తెచ్చాను. తప్పు నాది." అక్కడితో ఆపండి. అప్పుడు ఇంట్లో కష్టాలు ఉన్నాయనీ, అందరూ అలాగే చేస్తారనీ కలపకండి. కలిపితే క్షమించే పని వాళ్ల మీద పెట్టినట్టు అవుతుంది. వాళ్లు తిడితే వినండి. తీసుకోనంటే బలవంతం చేయకండి, తర్వాత మళ్లీ రావచ్చో లేదో అడిగి వచ్చేయండి. ఇందులో ఇంకొకరి చేయి కూడా ఉంటే వాళ్ల పేరు మీరు చెప్పొద్దు, వాళ్ల దగ్గరికి వెళ్లి మీరు వెళుతున్న సంగతి చెప్పండి. ఉద్యోగం పోయే విషయమో, కేసయ్యే విషయమో అయితే ముందు వకీలును కలవండి. వకీలును కలవడం అవిశ్వాసం కాదు. ఇంట్లో చెప్పకుండా మాత్రం వెళ్లకండి, ఆ ఫలితం వాళ్ల పళ్లెంలోకీ వస్తుంది. ఇంకొకటి, తిరిగి ఇచ్చిన సంగతి వచ్చే ఆదివారం సాక్ష్యంగా చెప్పకండి. ఎదుటి కుటుంబం కూడా ఆ బెంచీల్లోనే ఉంటుంది.

చనిపోయినవాళ్లకు బాకీ ఉంటే? సంఖ్యాకాండం 5వ అధ్యాయం ఆ ప్రశ్న కూడా వదల్లేదు. వారసులకు ఇవ్వాలి. వారసులే లేకపోతే, అప్పుడు మాత్రమే, అది ప్రభువుది, యాజకుడికి చేరుతుంది. కానుక పెట్టె వరుసలో చివర ఉంది. పాత యజమాని కొడుకు ఏ మధురవాడలోనో పెందుర్తిలోనో ఉంటాడు, రెండు ఫోన్లు చేస్తే దొరుకుతాడు.

కోశాధికారులు ముందు బెంచీల్లోకి రండి. లెక్క కాగితాలు పంచుతున్నారు. ఈ సాయంత్రం వచ్చిన కానుక ఇంకా సంచిలోనే ఉంది, దాన్ని మీ చేతులతోనే లెక్కపెడదాం.